ఊరి పేరుతో పిలిచే మేడం

ఫోన్ ఎత్తగానే అవతలి నుంచి ఒక మగగొంతు "నెక్కొండేనా?" అని అడిగింది.

నెక్కొండ మా ఊరు. నన్ను ఆ పేరుతో పిలిచే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆ గొంతు ఇది కాదు. అవును, మీరెవరని అడిగాను.

"నేను మేడం తమ్ముణ్ణమ్మా. అక్క పొద్దుగాల పోయింది. ఆమె ఫోన్ల ఎవ్వరి పేర్లు లేవు, అన్ని ఊర్లే ఉన్నయి. ఏ ఊరికి చేస్తే ఎవరు మాట్లాడ్తరో తెలుస్తలేదు. ఒక్కొక్క ఊరికి చెప్పుకుంట వస్తున్న."

నేను పనిచేసే మడికొండ వర్క్‌షాప్‌లో అప్పుడే మిషన్లు మొదలవుతున్నాయి. ఓనర్‌కు సంగతి చెప్పాను. ఆయన తన స్కూటర్ తాళం నా చేతిలో పెట్టి, నువ్వు ముందు పో, నేను వెనక వస్తానన్నాడు.

వరంగల్ బజారులో వాళ్లది స్టీలు సామాన్ల దుకాణం. పైన ఇల్లు. దుకాణం షట్టర్ సగం దించి ఉంది. మెట్ల మీద జనం నిలబడి ఉన్నారు, చాలామంది నాలాగే ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లు. తమ్ముడు పైమెట్టు మీద నిలబడి వచ్చినవాళ్లను పలకరిస్తున్నాడు. ఒకతను తన పేరు చెప్పాడు. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. అప్పుడతను తడుముకుని "నేను నర్సంపేట అన్నా" అన్నాడు. తమ్ముడి ముఖంలో గుర్తు కనిపించింది. ఇక ఆ తర్వాత మేమంతా ఊళ్ల పేర్లే చెప్పుకుంటూ లోపలికి వెళ్లాం. నా వంతు వచ్చి నెక్కొండ అనగానే ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆమె మాకు నేర్పింది లేత్ సిమ్యులేషన్. హనుమకొండ బస్టాండుకు దగ్గరలో, మందుల దుకాణం మీద రెండో అంతస్తులో ఒక పొడుగాటి గది. వరుసగా కంప్యూటర్లు, ఎదురుగా సున్నం వేసిన గోడ. ఆ గోడే మా తెర. లేత్ అంటే గిరగిరా తిరిగే ఇనుప ముక్కను పదునైన టూల్‌తో చెక్కే యంత్రం. ఇప్పుడు ఆ టూల్ ఎటు పోవాలో, ఎంత లోతు కోయాలో కంప్యూటరే చెబుతుంది. ఆ దారిని మేం క్యామ్ సాఫ్ట్‌వేర్‌లో గీస్తాం. గీసింది నేరుగా మిషన్‌కు ఇస్తే, ఎక్కడైనా పొరపాటు ఉంటే టూల్ పోయి ముక్కను బిగించి పట్టుకునే చక్కుకు గుద్దుకుంటుంది. ముక్కలు ఎగురుతాయి. అందుకని ముందు తెరమీద ఒక ఉత్తుత్తి మిషన్ మీద నడిపి చూసుకోవాలి. ఆ నడిపించడమే ఆమె పని.

సన్నగా, పొడుగ్గా ఉండేది. గంజి పెట్టిన నేతచీర, మెడలో దారానికి వేలాడే కళ్లద్దాలు. ఇంటి దుకాణంలోని చిన్న స్టీలు డబ్బాలో వేయించిన పల్లీలు తెచ్చుకునేది. క్లాసు జరుగుతున్నంతసేపు వాటి పొట్టు తీస్తూ తింటూనే ఉండేది. ఒక్క సిమ్యులేషన్ నడుస్తున్నప్పుడు మాత్రం నమలడం ఆగిపోయేది. నోట్లో ఉన్న పల్లీ నోట్లోనే ఉండేది. ఎవరు గీసిన దారి అయినా అంతే, ఎన్నిసార్లు చూసినదైనా అంతే. టూల్ బయలుదేరగానే ఆమె మెల్లగా చెప్పడం మొదలుపెట్టేది. "వస్తాండు... గల్లీలకెళ్లి వస్తాండు... మూల తిరిగిండు... గోడకు రాసుకోలే... ఎల్లిండు." అది బయటపడ్డాక గాని పల్లీ నమిలేది కాదు.

పేర్లు గుర్తుండవని మమ్మల్ని ఊళ్లతో పిలిచేది. గుర్తుండకపోవడం అబద్ధమని మాకు తర్వాత తెలిసింది. మా ఇళ్లలో వాళ్లందరి పేర్లూ, ఎవరి అమ్మకు మోకాళ్ల నొప్పులో, ఎవరి అన్న ఉద్యోగం మానేశాడో అన్నీ తెలుసు ఆమెకు. మా బ్యాచ్‌లో నెక్కొండ నుంచి ఇంకో పిల్ల చేరింది. ఇప్పుడు మేడం ఏం చేస్తుందా అని చూశాం. ఆ పిల్ల ఇల్లు రైల్వే స్టేషన్ వెనక అని కనుక్కుని, ఆమెను "స్టేషన్" అని పిలిచింది. పాపం ఆ పిల్ల ఇప్పటికీ మా అందరికీ స్టేషనే.

మాకే కాదు, టూళ్లకూ ఆమె పెట్టిన వరసలున్నాయి. మొదట మోటుగా చెక్కేది పెద్దన్న. తర్వాత నున్నగా చేసేది చిన్నకోడలు. రంధ్రం లోపలికి పోయి కోసే బోరింగ్ బార్ అల్లుడు. ఇంట్లోకి వస్తాడు, మర్యాదగా తీసుకుపోవాలి, ఎక్కడ తాకినా అలుగుతాడు. చివర్లో వచ్చి తయారైన భాగాన్ని కడ్డీ నుంచి తెంచేదానికి "ఏరువెట్టెటోడు" అని పేరు. ఆ మాట అన్నప్పుడల్లా చప్పుడు లేకుండా భుజాలు కదిలేలా నవ్వేది. వాళ్ల అన్నదమ్ములు ఆస్తి పంచుకుని ఏరుపడినప్పుడు ఆ పంచాయితీ అంతా కళ్లారా చూసిందట.

సిమ్యులేషన్ మొదలుపెట్టే ముందు ఆమె అడిగే మొదటి మాట, ఎవరెవరు వచ్చిన్రో చూడుమని. మామూలుగా చాలామంది ఉత్తుత్తి మిషన్‌లో రెడీగా ఉన్న టూళ్లనే పెట్టేసి నడిపిస్తారు. ఆమె ఒప్పుకునేది కాదు. ఏ టూల్‌ను పెట్టుకుని దారి గీశామో ఆ టూలే క్యామ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇక్కడికి రావాలి. దాని కొలతలతో రావాలి, దాని నంబరుతో రావాలి, అది ఏ వైపు చూస్తుందో ఆ వైపే చూస్తూ రావాలి. ఒక్కోసారి టూల్ మొన మాత్రమే వచ్చేది, దాన్ని పట్టుకునే హోల్డర్ రాకుండా. అప్పుడు గోడకు దగ్గరగా పోయి, కళ్లద్దాలు పెట్టుకుని చూసి, "తలకాయ ఒక్కటే వచ్చింది. మనిషేడి?" అనేది. మొన ఎప్పుడూ దేనికీ తగలదు, గుద్దుకునేది వెనకున్న ఒళ్లే అని ఆమె చెప్పే మాట.

తెరమీద టూల్ గుద్దుకుంటే ఆ చోట ఎరుపు వస్తుంది. మొదటిసారి నాకు ఎరుపు వచ్చినప్పుడు ఏడుపొచ్చింది. ఆమె వచ్చి పక్కన నిలబడి, ఎంతసేపో దాన్నే చూసి, మంచిగైంది, ఈడ తాకింది అంది.  నా చేతిలో గుప్పెడు పల్లీలు పోసి వెళ్లిపోయింది.

మా నాన్న పత్తి రైతు. నేను ఇనుము పని నేర్చుకోవడం ఆయనకు ఇష్టం లేదు. మా వైపు ఒక పిల్లవాడికి ఏదో మిల్లులో చెయ్యి నలిగిన సంగతి ఆయన మనసులో ఉండిపోయింది. ఒకరోజు నాతోపాటు ప్యాసింజర్ ఎక్కి, చెప్పకుండానే క్లాసుకు వచ్చేశాడు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాడు. మేడం తన కుర్చీ తెచ్చి వేసి, కూర్చోబెట్టి, నేను గీసిన దారినే గోడ మీద నడిపించింది. పెద్దన్న వచ్చాడు, పోయాడు. చిన్నకోడలు వచ్చింది. నాన్న కళ్లార్పకుండా చూశాడు. చూసి, ఇదంతా ఉత్తుత్తి ఇనుమే గదా, దీన్ని కోసుడెందుకని అడిగాడు.

"ఉత్తదానికి తాకితే ఎవ్వలకు దెబ్బ తాకది గదన్నా. తాకెటియన్ని ఈడ తాకినంకనే నీ బిడ్డ మిషిన్ కాడికి పోతది."

నాన్న ఇంకోసారి నడపమన్నాడు. రెండోసారి చూశాక, దుక్కిల నాగలి చాలు తీసినట్టే ఉన్నదన్నాడు. ఆ మాట ఆమెకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ టూల్ వెళ్లిన గీతను "చాలు" అనే చెప్పిందట.  ఆ రోజు నెక్కొండలో రైలు దిగాక నాన్న, నేర్చుకో అన్నాడు.

కోర్సు అయ్యాక నాకు మడికొండ వర్క్‌షాప్‌లో పని దొరికింది. పత్తి మిల్లులకు, బియ్యం మిల్లులకు విడిభాగాలు చేసే చిన్న షాపు అది. సాయంత్రం పని అయ్యాక హనుమకొండలో బస్సు దిగి, రైలు టైమయ్యేదాకా ఆమె గదిలో కూర్చునేదాన్ని. ఆమె నన్ను మిషన్ గురించి అడిగేది. తలుపు జరిపితే ఎట్లాంటి చప్పుడొస్తది, కింద నేల జారుతదా, నిలబడితే మిషన్ నీకంటె ఎంత ఎత్తుంటది. వింత ప్రశ్నలు. ఇవన్నీ నాకంటే ఆమెకే బాగా తెలిసుండాలి కదా అనుకున్నాను. ఒకనాడు, మీరు ఏ కంపెనీలో చేశారు మేడం అని అడిగాను.

పల్లీ పొట్టు తీస్తూనే చెప్పింది. డిప్లొమాలో ఆమె ఒక్కతే ఆడపిల్ల. చదువు అయ్యాక ఉద్యోగానికి వెళ్లిన చోట ఆడవాళ్లకు బాత్‌రూమ్ లేదన్నారు, షిఫ్టులు కుదరవన్నారు. డ్రాయింగులు దిద్దే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. లేత్ ఉన్న షెడ్డుకూ ఆ బల్లకూ మధ్య ఒక గోడ ఉండేదట. చప్పుడు మాత్రం వినిపించేదట. ఆ తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, తెరమీది మిషన్లు వచ్చాయి, కుర్చీలో కూర్చునే లేత్ నడపొచ్చని ఇటు వచ్చేసింది.

"తెరమీద ఎన్ని మిషిన్లు నడిపిన్నో. ఒక్కదాని తలుపు తీయలే" అంది. ఫిర్యాదులా అనలేదు. రేపు బంద్ ఉందట అన్నంత మామూలుగా అంది.

ఆ ఏడాదే ఆమె చెయ్యి వణకడం మొదలైంది. మాకెవరికీ ముందు తెలియదు. ఒక సాయంత్రం నేను వెనక బెంచీలో కూర్చుని ఉన్నాను. ఆమె టూళ్ల వరుసలో ఒకదాన్ని చూపించబోయింది. గోడ మీద మౌస్ బాణం నిలవడం లేదు. అటూ ఇటూ ఊగుతోంది. అంత పెద్ద గోడ మీద అంత చిన్న బాణం.  ఆమె గోడకేసి చూడలేదు, తన చేతికేసి చూసుకుంది. వీనికేందో చలి వెడ్తున్నట్టుంది అంది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు మౌస్ వదిలేసి వెనక్కి చూసి, నెక్కొండా, రా, నేను చెప్త, నువ్వు జరుపు అని పిలిచింది. ఆ సాయంత్రం నుంచి రైలు దాకా ఉన్న సమయమంతా ఆమె మాటకు నా చెయ్యి తోడైంది.

దవాఖానలో చూపిస్తే, నరాలకు సంబంధించిన జబ్బు, మందులతో నెమ్మదిస్తుందే గాని పోదన్నారు. మెల్లగా చీర కుచ్చిళ్లు పెట్టుకోవడం కష్టమైంది. పల్లీలు ఎవరో ఒకరం ఒలిచి ఇచ్చేవాళ్లం. తర్వాత క్లాసులు మానేసి ఇంట్లోనే ఉండిపోయింది. ఫోన్ మాత్రం చేసేది. మిషన్ ఎట్లుందని ముందు అడిగి, తర్వాత నేనెట్లున్నానని అడిగేది.

కానీ ఆమె అనగానే నాకు గుర్తొచ్చేది క్లాసులు మానేయడానికి కొన్నాళ్ల ముందటి ఒక ఆదివారం.

ఆమె ఎన్నడూ మిషన్ ముట్టుకోలేదన్న సంగతి నేను ఓనర్‌కు చెప్పాను. ఒక్కరోజు ఆమెను నడపనిస్తారా అని అడిగాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆయనకున్న పెద్ద మిషన్ అదొక్కటే. దానికేమైనా అయితే షాపు మూతపడుతుంది. చేతులు వణికే మనిషి అంటున్నావు, ఎట్లమ్మా అన్నాడు. చివరికి ఆదివారం, పని లేనప్పుడు, తాను పక్కనుంటానన్నాడు. చీరతో మాత్రం మిషన్ దగ్గరికి రావద్దన్నాడు.

ఆమె ఆటోలో వచ్చింది. నా డ్రెస్సు, నా వర్క్ కోటు వేసుకుంది. కోటు చేతులు పొట్టిగా ఉండి మణికట్టు పైకే ఆగిపోయాయి. ఆమెను చీర లేకుండా చూడటం అదే మొదటిసారి. ఏం చేస్తారు మేడం, బొంగరం చేద్దామా, చిన్న దీపం చేద్దామా అని అడిగాను. పేరుకేదో ఒకటి చేసి ఇంటికి తీసుకెళ్తుందనుకున్నాను.

"బొమ్మలొద్దు. మీరు రోజు కోసేదే కోస్త."

మేం రోజూ చేసేది పత్తి మిల్లుకు పోయే బుష్. ఇరుసు తిరగడానికి మధ్యలో రంధ్రం ఉన్న చిన్న ఇనుప గొట్టం. దానికి ఆమె ఇంటి దగ్గరే దారి గీసుకుని వచ్చింది. టూళ్ల కొలతలు నేను ముందే పంపించాను. షాపు కంప్యూటర్‌లో సిమ్యులేషన్ పెట్టి, అలవాటు ప్రకారం ఎవరెవరు వచ్చిన్రో చూసుకుంది. తర్వాత ఓనర్‌తో మిషన్ తలుపు తీయించి, ఆ టూళ్లే నిజంగా బిగించి ఉన్నాయా అని ఒక్కొక్కటీ చూపించమంది. మా షాపులో ఆమె పెట్టిన వరసలు అప్పటికే పాకిపోయాయి.

"అల్లుడు మారిండు మేడం. పాతాయన నిన్న విరిగిండు, కొత్తాయన జర లావున్నడు" అన్నాడు ఓనర్.

కొత్త బార్‌ను ఆయనే కొలిచి చెప్పాడు. ఆమె చెబుతుంటే నేను క్యామ్‌లో దాని మందం మార్చి, మళ్లీ సిమ్యులేషన్‌లోకి తెచ్చాను. నడిపిస్తే ఎరుపు వచ్చింది. లావుగా ఉన్నందుకు రంధ్రంలోంచి తిరిగి వచ్చేటప్పుడు ఒళ్లు అవతలి గోడకు రాసుకుంటోంది.  ఆమె తిరుగు దారిని కొంచెం మధ్యకు జరిపించింది. మళ్లీ నడిపించాం. వచ్చాడు, తాకలేదు, వెళ్లాడు.

ఇక మిషన్ ముందు నిలబడింది. ప్రోగ్రామ్ ఎక్కించాం. ఇనుప ముక్క బిగించాం. ఆకుపచ్చ బటన్ నొక్కడమే ఉంది. కుడిచెయ్యి పైకెత్తింది. వణుకు ఎక్కువైంది. ఎడమచేత్తో మణికట్టు పట్టుకుంది. అయినా ఆగలేదు. చెయ్యి దించేసి నన్ను నొక్కమంది. నేను కదల్లేదు. 

"మిషిన్ ఎటు వోదు మేడం. ఆదివారమే గదా. కుదిరినప్పుడే ఒత్తుండ్రి" అన్నాడు ఓనర్. అని స్టూలు లాక్కుని, తనకు పొద్దంతా ఇంకే పనీ లేనట్టు కూర్చున్నాడు.

ఆమె చాలాసేపు నిలబడింది. తర్వాత వేలితో కాకుండా పిడికిలి బిగించి దాంతో నొక్కింది.

చక్ తిరిగింది. టూల్ దిగింది. వేడి తగ్గించే కూలెంట్ నీళ్లు ఎగజిమ్మి కిటికీ అద్దమంతా తెల్లగా కప్పేశాయి. ఆమె అద్దానికి ముఖం ఆనించి ఇటు చూసింది, అటు చూసింది.

"ఏం కనవడ్తలేదేందే" అంది.

నాకు నవ్వొచ్చింది. తెరమీద అన్నీ కనిపిస్తాయి. ఇక్కడ నీళ్లు, చప్పుడు తప్ప ఏమీ ఉండదని నేనెప్పుడూ ఆమెకు చెప్పనే లేదు. చూడటం కుదరక ఆమె అరచేతిని మిషన్ తలుపు మీద పెట్టింది. మిషన్ అదురుతోంది. ఆమె చెయ్యీ అదురుతోంది. రెండింటిలో ఏది ఏదో తెలియలేదు. ఆమె నోట్లోంచి ఆ పాత మాటలు రాలేదు. కళ్లు మూసుకుని, చెయ్యి అట్లాగే ఉంచి నిలబడింది.

ఆగాక తలుపు తనే జరిపింది. లోపలి నుంచి వేడి ఇనుము, నూనె కలిసిన ఘాటైన ఆవిరి వచ్చింది. వెనక్కి తగ్గకుండా ముఖమంతా పట్టనిచ్చింది. బుష్‌ను తీసి అరచేతుల్లో పెట్టుకుని, వెచ్చగున్నది అంది. కాస్త ఆగి, ఇంక వెచ్చగనే ఉన్నది అని మళ్లీ అంది.

ఓనర్ తీసుకుని లోపలా బయటా కొలిచాడు. మళ్లీ కొలిచాడు. సరిగ్గా ఉందన్నాడు. గుడ్డతో శుభ్రంగా తుడిచి, ఒక కాగితంలో చుట్టి, ఇంటికి తీసుకుపొమ్మని ఇచ్చాడు. ఆమె కాగితం విప్పేసింది.

"వద్దు సార్. ఇది పనికి చేసింది. పనికే పోవాలె."

శనివారం చేసిన బుష్‌లు ట్రేలో వరుసగా ఉన్నాయి. వాటి మధ్య తనే పెట్టింది. తర్వాత ఛాయ్ తాగాం. ఓనర్ ఆమెను మిషన్ గురించి ఏవో అడిగాడు, ఆమె చెప్పింది. చేతులు కడుక్కుని, కోటు విప్పి, చీర కట్టుకుని వచ్చింది. కుచ్చిళ్లు నేను సర్దాను. ఆటో బయట నిలబడి ఉంది. అటు పోబోతూ ఆగి, వెనక్కి వచ్చి, ట్రే మీదికి వంగింది.

"నెక్కొండా, వీట్ల నేను చేసింది ఏదో చెప్పు."

నేను ఒకటి తీసి తిప్పి చూశాను. పెట్టేసి ఇంకోటి తీశాను. అదీ అంతే. వెలుతురు దగ్గరికి తీసుకెళ్లి చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. తెలుస్తలేదు మేడం అన్నాను.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుంది. ముఖం ట్రేకు బాగా దగ్గరగా తెచ్చి ఒక్కొక్కటీ చూసింది. భుజాలు కదలడం మొదలైంది.

"నాకు గూడ తెలుస్తలేదు" అంది.

మర్నాడు పొద్దున మిల్లు ఆటో వచ్చి ఆ ట్రేను తీసుకుపోయింది.